రాక్షసుడి గుమ్మం దాకా వచ్చిన కథ

పోయిన వారం మా చర్చి వాట్సాప్ గ్రూపులో ఒక సినిమా లింకు వచ్చిపడింది. సినిమా చూడడం పాపమని తాతల కాలం నుంచీ చెప్పుకుంటున్న సంఘం మాది. అలాంటి గ్రూపులో సినిమా లింకు పెడితే గగ్గోలు పుట్టాలి. పుట్టలేదు. నలభై మంది దండాలు పెట్టారు. మావాళ్ళు లింకులు తెరవరు, దండం మాత్రం పెడతారు. ఎవరైనా పోయారన్నా అదే దండం, ఎల్లుండి నీళ్ళు రావన్నా అదే దండం.

లింకు కింద ఒక్క వాక్యం ఉంది: "ఇది టెలిఫోన్ ఆంటీ చెప్పిన గాడిద సినిమా!" పెట్టిన అమ్మాయి చిన్నప్పుడు మా సండే స్కూల్లో చదువుకుంది. ఇప్పుడు బోయిన్‌పల్లిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తోంది.

ఆ వీడియోను యూట్యూబులో పెట్టిన మహానుభావుడు పైన ఇలా రాసుకున్నాడు: "ఎవ్వరూ గుర్తించని అద్భుత కళాఖండం." ఈమధ్య ఇదొక జాడ్యం పట్టుకుంది జనానికి. ఆడని ప్రతి సినిమా కళాఖండమే. మా కాలంలో ఆడని సినిమాను ఆడని సినిమా అనేవాళ్ళం. వారం తిరక్కుండానే డబ్బాలు వెనక్కి వెళ్ళిపోయేవి, పీడా వదిలేది. ఇప్పుడు తవ్వి తీసి, దుమ్ము దులిపి, నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నారు. గాడిద గుడ్డు కళాఖండం! ఇంతకీ అందులో హీరో ఎక్కి తిరిగేది కూడా గాడిదనే.

ఆ సినిమాను వీళ్ళెవరూ పుట్టకముందే నెత్తిన పెట్టుకున్న మనిషి ఒకామె ఉండేది.

ఆమె పేరు చెప్పను. చెప్పినా మా సంఘంలో సగం మందికి ఎవరో తెలియదు. మాకు టెలిఫోన్ అక్క, మా తర్వాతివాళ్ళకు టెలిఫోన్ ఆంటీ. సికింద్రాబాద్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా, మూడేసి నిముషాల ట్రంక్ కాల్స్ కలిపే రోజుల నుంచీ పనిచేసింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు, "లైన్ దొరకలె" అనేది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కుడి చెవి మీద అరచెయ్యి ఆనించుకుని, కళ్ళు సగం మూసి వినేది. మాట నచ్చకపోతే చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకునేది. ఇక మనం ఎంత చెప్పినా ఆమెకు ఎక్కదని అర్థం. ఆడవాళ్ళ కూటంలో ఎవరైనా ఇంకొకరి మీద చాడీలు మొదలుపెడితే, "మూడు నిముషాలైపోయినయ్ అక్కా, కాల్ కట్ చేస్తున్న" అని లేచి వెళ్ళిపోయేది. ఒకసారి అయ్యగారి ప్రసంగం గంట దాటినప్పుడు కూడా అదే మాట అంది. మెల్లగానే అంది, కానీ ఆమె మెల్లగా అంటే చివరి బెంచీదాకా వినపడేది.

చేతిలో పన్నెండు నెలలూ ఒక పెద్ద మగవాళ్ళ గొడుగు ఉండేది. మబ్బు లేదు, ఎండ లేదు, డిసెంబరు నెల చలిలో కూడా గొడుగే. "ఎందుకక్కా ఇది, ఏ ఎండకని?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"ఎండకు కాదు తమ్మీ, చూసేటోళ్ళకు," అంది.

ఇంకొక విపరీతం ఉండేది ఆమెకు. ఉండేది అల్వాల్‌లో, ఒంటరి మనిషి. కూరగాయలకు మాత్రం బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయేది. అక్కడ లారీలు దిగుతాయి, బస్తాల లెక్కన బేరాలవుతాయి, హోటళ్ళవాళ్ళూ బండ్లవాళ్ళూ పోతారు. ఈమె పోయి ఒక పెట్టె టమాటాలు కొనుక్కుని ఆటోలో వేసుకొచ్చేది. ఇంటి పక్కన బండి మీద కిలో కొనుక్కోవచ్చు కదా అంటే, "ఆడ ఒక్క కిలో ఇయ్యరు తమ్మీ," అనేది. అడిగినదానికి అది జవాబా? ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర నిలబడి, వచ్చేపోయే వాళ్ళ సంచుల్లో పండిపోయిన టమాటాలు కుక్కేది. ఉలిపికట్టె అని మా నాన్న అనేవాడు ఆమెను. నేనూ అదే అనేవాణ్ణి, ఆయన కంటే కొంచెం గట్టిగా.

ఇక సినిమా సంగతి. ఆమె ఇరవై రెండేళ్ళ వయసులో, ఎక్స్చేంజిలో పొద్దుటి డ్యూటీ దిగి వస్తూ, స్టేషన్ దగ్గర ఒక థియేటర్లో మధ్యాహ్నం ఆట చూసిందట. ఆ థియేటరు ఇప్పుడు లేదు, అక్కడ సెల్‌ఫోన్ల కాంప్లెక్సు లేచింది. అదొక జానపదం. ఒక రాజ్యంలో ప్రజల నిద్రంతా ఒక రాక్షసుడు ఎత్తుకుపోతాడు. రేవులో బట్టలుతికే ఒకడు తన గాడిదనెక్కి ఆ నిద్ర తేవడానికి బయలుదేరుతాడు. వాడు పాట పాడితే గాడిదకు రెక్కలొస్తాయి. ఇదీ కథ. హీరో వేషం వేసినవాడు మామూలుగా అల్లరి పాత్రలు వేసే నటుడు. సినిమా సరిగ్గా ఏడు రోజులు ఆడింది. ఏడు రోజులూ ఏడు మధ్యాహ్నాలు ఈమె వెళ్ళింది. ఎవరైనా సంఘస్థులు చూస్తారేమోనని టిక్కెట్టు కిటికీ దగ్గర నెత్తి మీద గొడుగు దించుకుని నిలబడేదట. ఎనిమిదో రోజు కూడా వెళ్ళింది. సినిమా మారిపోయి ఉంటే వెనక్కి వచ్చేసింది. ఆ ఏడుసార్లు తప్ప జన్మలో మళ్ళీ సినిమా చూడలేదు. "అంతకన్న మంచిది తియ్యలేరు తమ్మీ, ఇంక పైసలు దండగ," అనేది.

ఏ సందర్భం వచ్చినా ఆ సినిమా దగ్గరికే వచ్చేది. సంఘంలో రెండు కుటుంబాలు కొట్టుకుంటే, "ఆ సినిమాల సుత గిట్లనే. నిద్ర లేక కొట్టుకుంటరు, పాపం." అయ్యగారికి కోపం వస్తే, "నిద్ర లేనట్టుంది." ఎవరికైనా ఉద్యోగం పోతే, "గాడిదను బుజ్జగించాలె. ఇంకేం దారి లేదు." నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక మనిషికి లోకం మొత్తం మీద చెప్పుకోవడానికి ఒక అట్టముక్కల గాడిద తప్ప ఏమీ లేకపోవడం నాకు జాలి పుట్టించాల్సింది. చిరాకు పుట్టించింది.

నేను ఇరవై రెండేళ్ళు ఆ చర్చికి సెక్రటరీగా చేశాను. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను, నా ఖర్మ.

ఆమె సండే స్కూలు చెప్పేది. పిల్లలు తొమ్మిది మంది ఉండేవారు. సుమారు ఇరవై ఏళ్ళ కింద, ఒక జూన్ నెలలో, పాఠమూ బైబిల్లోంచి కంఠత వాక్యమూ అయ్యాక చివరి పది నిముషాలు ఈ సినిమా కథ మొదలుపెట్టింది. వారానికి ఒక ముక్క. "ఫస్ట్ వాక్యం, తర్వాత గాడిద" అని పిల్లలతో ఒప్పందమట. వాక్యం అప్పగించనివాళ్ళు ఆ పది నిముషాలు బయట చెప్పుల దగ్గర కూర్చోవాలి. దెబ్బకు పిల్లలందరికీ వాక్యాలు నోటికొచ్చాయి. దసరా సెలవులు వచ్చేసరికి తొమ్మిది మంది ముప్పై ఒక్కరయ్యారు. పక్క వీధి నుంచి హిందువుల పిల్లలు కూడా వచ్చి కూర్చుని, కళ్ళు మూసుకుని గడగడా వాక్యం అప్పగించి, గాడిద కోసం కాచుకుని ఉండేవారు. అదే ఏడు నేను యువజనులకు పెట్టిన వాక్యాల క్విజ్‌కు వచ్చినవాళ్ళు నలుగురు. అందులో ఒకడు నా కొడుకు. నాకు కుళ్ళు పుట్టింది. అప్పుడు దాన్ని సంఘ క్రమశిక్షణ అనుకున్నాను.

చివరికి ఒక పెద్దమనిషి నా దగ్గరికి ఫిర్యాదు తెచ్చాడు. "మావోడు అన్నం ముంగట ప్రార్థన చేస్తుండు సార్. ప్రభువా, గాడిద కాలు బాగు చెయ్యి, దానికి ఎగరాలంటే భయం లేకుండ చెయ్యి అంటుండు. ఏందిది? గాడిద కోసం ప్రార్థనా?"

ఆమె చెప్పే కథలో గాడిదకు ఒక కాలు కుంటి. పైగా ఎగరాలంటే భయం. కళ్ళు మూసుకుంటే తప్ప ఎగరదు. ముందుగా దాన్ని పొగడాలి, పొగిడినకొద్దీ "ఇంకా చెప్పు" అంటుంది. పిల్లలు ఆ పొగడ్తలన్నీ ఇళ్ళల్లో కూడా వల్లె వేస్తున్నారు.

కమిటీ కూర్చుంది. కూర్చోబెట్టింది నేనే. సండే స్కూల్లో సినిమా కథ చెప్పడం తప్పని తేల్చాం. అయితే ఆమె సీనియర్ విశ్వాసి కాబట్టి ఒక దారి చూపించాం: ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పాలి. ఒకప్పుడు సినిమా చూశాను, అది పాపమని తెలుసుకున్నాను, పశ్చాత్తాప పడుతున్నాను అని నలుగురి ముందూ ఒప్పుకోవాలి. అప్పుడు క్లాసు ఆమె దగ్గరే ఉంటుంది. అయ్యగారు ఆంధ్రా వైపు నుంచి వచ్చిన మనిషి, మెత్తనివాడు. "మీరు ఎలాగంటే అలాగేనండీ సెక్రటరీ గారూ," అన్నాడు.

ఈ విషయం చెబితే ఆమె చెవి మీద చెయ్యి పెట్టుకుని అంతా విన్నది. "సాక్ష్యమంటే జరిగింది జరిగినట్టు చెప్పుడే గద? చెప్త," అంది. అక్కడే నేను పసిగట్టాల్సింది.

ఆదివారం వచ్చింది. పిల్లలు వెనక గదిలో ఉన్నారు. ఈమె గొడుగు బెంచీకి ఆనించి ముందుకు వచ్చి, మైకు పట్టుకుంది.

"అందరికి వందనాలు. నేను సినిమా చూసిన. ఒక్కటే. ఏడు సార్లు."

"స్తోత్రం," అన్నారు ముందు వరుసలోని ముసలమ్మలు.

మా దగ్గర ఒక అలవాటుంది. సాక్ష్యం చెప్పేవాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, సంఘమంతా "స్తోత్రం" అంటుంది. ఏం చెప్పారన్నది ముఖ్యం కాదు, ఆగారా లేదా అన్నదే ముఖ్యం. కీబోర్డు కుర్రాడు కూడా సాక్ష్యం కింద మెల్లగా రాగం వాయిస్తాడు, కన్నీళ్ళు రావడానికి వీలుగా.

"ఒక రాజ్యం ఉండె. ఆ రాజ్యంల ఎవ్వలికి నిద్ర లేకుండె."

"స్తోత్రం."

"రాజుకు సుత నిద్ర లేకుండె. ఒక్క ఆవలింత ఇచ్చినోనికి అర్ధరాజ్యం ఇస్తనన్నడు."

"స్తోత్రం, స్తోత్రం."

అయ్యగారి వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. ఆమె తొందర లేకుండా చెప్పుకుపోయింది. రాక్షసుడు ఒక్కొక్కరి నిద్రనూ ఒక్కొక్క సొరకాయ బుర్రలో పోసి, మీద పేరు రాసి పెట్టాడట. పసిపిల్లల బుర్రలు చేతికి తేలికగా ఉంటాయట, అప్పులున్నవాళ్ళవి అసలు నిండవట. ఆ మాటకు మగవాళ్ళ వైపు నుంచి గట్టిగా వచ్చింది స్తోత్రం.

"అప్పుడు గాడిద మాట్లాడింది," అంది ఆమె.

"హల్లెలూయా!" అంది సంఘం మొత్తం. బైబిల్లో కూడా మాట్లాడే గాడిద ఒకటుంది కదా. ముసలమ్మలు ఇదీ అదేననుకున్నారు. ఒకావిడ పక్కావిడకు ఆ అధ్యాయం నంబరు కూడా చెప్పింది. గాడిద కళ్ళు మూసుకుని, కుంటికాలు కడుపులోకి ముడుచుకుని గాలిలోకి లేచినప్పుడు డోలక్ కూడా అందుకుంది. ఇన్నేళ్ళ నా సెక్రటరీగిరీలో సంఘం అంత ఒళ్ళు మరిచి సాక్ష్యం వినడం నేను చూడలేదు. ఆమె ముఖం అంత వెలగడమూ చూడలేదు.

"గాడిద వొయ్యి రాక్షసుని గుమ్మం ముంగట దిగింది. తలుపు తెరిచే ఉంది. లోపట..."

నేను పాట ఎత్తుకున్నాను.

ఇది కూడా మా అలవాటే. ఎవరి సాక్ష్యమైనా అదుపు తప్పితే, ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు. సంఘం అందుకుంటుంది, చప్పట్లు మొదలవుతాయి, చెప్పేవాళ్ళు కూర్చోక తప్పదు. మనిషి మనసు నొప్పించకుండా నోరు మూయించే పద్ధతి ఇంతకంటే గొప్పది ఎవరూ కనిపెట్టలేదు. నా గొంతు కూడా మంచి గొంతు, దురదృష్టవశాత్తూ. మొదటి చరణం అయ్యేదాకా ఆమె మైకు పట్టుకుని నోరు కొంచెం తెరిచి అలాగే నిలబడింది. రెండో చరణంలో మైకు కింద పెట్టి, అందరికీ దండం పెట్టి, వెళ్ళి కూర్చుంది. పాటకు అయిదు చరణాలు. అయిదూ పాడించాను.

ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను పక్కకు పిలిచాడు. "ఏమోనండీ, నాకైతే బాగానే ఉన్నట్టనిపించింది. ఇంతకీ లోపలేముందంటారు?"

"అయ్యగారూ, అది సినిమా," అన్నాను.

"అదేలెండి. పోనీ ఒక్క ఆదివారం ఇద్దామా? పిల్లలకు ముగించుకుంటుంది, పాపం."

ఇవ్వలేదు. పశ్చాత్తాపం లేదు కాబట్టి క్లాసు తీసేశామని మినిట్స్ పుస్తకంలో నా చేత్తోనే రాశాను. క్లాసు ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చింది. ఎవరూ ముందుకు రాకపోతే నేనే తీసుకున్నాను. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు. మొదటి ఆదివారమే తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి లేచి నిలబడి, "అంకుల్, లోపట రాక్షసుడు ఏం చేస్తుండు?" అని అడిగింది. రాక్షసులు లేరు, కూర్చో అన్నాను. కూర్చుంది. క్రిస్మస్ నాటికి ముప్పై ఒక్కరు ఎనిమిదయ్యారు.

ఆమె దగ్గర సండే స్కూలు రిజిస్టరూ, పాఠాల బొమ్మల అట్టలూ ఉండిపోయాయి. క్లాసు తీసుకున్న మూడు వారాలకు ఒక మధ్యాహ్నం వాటి కోసం అల్వాల్ వెళ్ళాను. ఒక గది, చిన్న వంటిల్లు. అన్నీ ముందే తీసి, గుడ్డలో కట్టి పెట్టింది. టీ ఇచ్చింది. మెట్ల దగ్గర నా కోసం టమాటాల సంచి కూడా పెట్టి ఉంది.

రిజిస్టరు తిరగేశాను. హాజరు పట్టీలో ప్రతి పేరు పక్కనా పెన్సిలుతో సన్నగా ఏదో రాసి ఉంది. ఒకడి పక్కన "నత్తి. తొందర చేయొద్దు." ఇంకొకడి పక్కన "తల్లి లేదు." నన్ను ప్రశ్న అడిగిన పిల్ల పేరు పక్కన "ఇంట్ల రోజు లొల్లి. నిద్ర పోదు." అలాంటివి ఆరో ఏడో ఉన్నాయి, నిద్ర పోదు, నిద్ర పోడు అని.

"రిజిస్టర్‌ల ఇవన్ని రాయొద్దక్కా," అన్నాను. ఇంటికి వచ్చాక రబ్బరుతో అన్నీ చెరిపేశాను. నీటుగా చెరిపాను. ఆ పిల్లల గురించి ఆ పుస్తకంలో ఉన్న అసలు సంగతులు అవేనని నాకు తట్టలేదు.

"తమ్మీ, ఒక్క ఆదివారం ఇయ్యి," అంది ఆమె. "పది నిముషాలు చాలు. పిల్లల్ని గుమ్మం కాడికి తీస్కపోయి గాడ నిలబెట్టి వొచ్చిన. లోపటికి పోక, ఎన్కకు రాక, పరేషాన్ అయితుంటరు."

"లెటర్ రాసియ్యక్కా, ఇస్త. సినిమా చూసుడు పాపమని, మళ్ళ చెప్పనని."

"మళ్ళ చెప్పనని రాస్త. పాపమని రాయ. అబద్ధం రాసిచ్చి పిల్లల ముంగట ఎట్ల కూసుంటరు?"

నాకు చిర్రెత్తింది. "ఏముంటదక్కా లోపట? గంత సస్పెన్స్ ఏముంది? రాక్షసుని చంపుతడు, రాజు బిడ్డను చేసుకుంటడు. అన్ని సినిమాలు గంతే గద!"

ఆమె చెవి మీది చెయ్యి తియ్యలేదు. పైగా నవ్వింది. "చంపుతడనుకున్నవా? ఎగరాలంటే భయపడే గాడిద, గంత దూరం చంపనీకి పోతదా తమ్మీ? కూసో, జెర చాయ్ తాగు. నీకన్న చెప్త."

గడియారం చూసుకున్నాను. నాలుగయింది. అయిదింటికి కమిటీ మీటింగు. అల్వాల్ నుంచి చర్చికి అరగంట దారి, అప్పటికి ఇంత ట్రాఫిక్కు కూడా లేదు.

"మళ్ళెప్పుడన్న వింట అక్కా," అని లేచాను.

గేటు దాకా వచ్చింది. నా నెత్తి మీద గొడుగు పట్టి, బండి స్టార్టు చేసేదాకా ఎండలో తాను నిలబడింది.

ఆ తర్వాత ఆమె చర్చి మానలేదు. పద్దెనిమిదేళ్ళు చివరి బెంచీలో కూర్చుంది. సినిమా మాట ఎత్తలేదు. మెట్ల దగ్గర టమాటాలు మాత్రం పంచేది, నాకు కూడా. చీమూ నెత్తురూ లేని మనిషి అనుకునేవాణ్ణి సంచి అందుకుంటూ. మళ్ళెప్పుడన్నా వింటానన్న మనిషికి పద్దెనిమిదేళ్ళలో ఎన్ని ఆదివారాలొచ్చాయో లెక్కపెట్టుకోవచ్చు. పోయిన ఎండాకాలం ఆమె పోయింది. సమాధి కార్యక్రమంలో ఆమె జీవిత విశేషాలు చదివింది నేనే. మూడు వాక్యాలు. మూడోది "కొంతకాలం సండే స్కూలులో పరిచర్య చేశారు" అని. నాకే నవ్వొచ్చింది, అదీ సమాధి పక్కన నిలబడి.

సరే, పోయిన వారం లింకు వచ్చింది కదా. మధ్యాహ్నం మా ఆవిడ పడుకున్నాక, తలుపు దగ్గరికి వేసుకుని, డెబ్బై ఏళ్ళు దగ్గరపడుతున్న నేను జన్మలో మొదటిసారి ఒక సినిమా మొదలు నుంచీ చివరిదాకా చూశాను. ఎగతాళి చేద్దామనే కూర్చున్నాను, చేసుకోవడానికి కావలసినంత దొరికింది. గాడిద రెక్కలు అట్టవి. దాన్ని ఎత్తే తీగ రెండుసార్లు ఎండకు మెరిసింది. సముద్రమని చూపించింది ఒక నీలం దుప్పటి, దాని కింద మనుషులు పాకుతున్నారు. రాక్షసుడి ఎడమ కోర వంగిపోతుంటే వాడే నాలుకతో సర్దుకుంటున్నాడు. రాజు నిద్రలేక వాకిట్లోకి వచ్చి, మెట్ల మీద ఊడ్చే మనిషి పక్కన కూర్చుని, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆవలింత తెచ్చుకోవాలని నోళ్ళు తెరిచే సీను ఒకటుంది. తెరుస్తారు, మూస్తారు, మళ్ళీ తెరుస్తారు. ఇద్దరిలో ఎవరు రాజో కాసేపటికి తెలియకుండా పోతుంది. అది బాగుంది. బాగున్నదాన్ని బాగుందనడం నాకు అలవాటు లేదు, అయినా ఆ ముక్కను మూడుసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నాను. సినిమా అంటే ఇదైతే, ఇన్నేళ్ళూ చూడకపోవడమే నేను తెలియక చేసిన పాపం.

కానీ ఆ గాడిద మాట్లాడదు. మొదటి నుంచీ చివరి వరకు ఒక్క మాట కూడా మాట్లాడదు. నాలుగు కాళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. భయం లేదు, పొగడ్తలు లేవు. పేర్లు రాసిన సొరకాయ బుర్రలు లేవు, పొగ వచ్చే ఒక కుండ ఉంది, అంతే. హీరో రాక్షసుడి గుమ్మం ముందు దిగుతాడు. తలుపు తెరిచి ఉండదు, కాలితో తన్నుతాడు. లోపలికి పోయి ఒక్క వేటుకు తల నరుకుతాడు. కుండ పగులుతుంది. అందరూ పడుకుంటారు. శుభం.

ఏడుసార్లు చూసిన మనిషి మరిచిపోయి మార్చిందని నేననుకోను. ఆ ఇరవై రెండేళ్ళ పిల్లకు సినిమాలో ఏం నచ్చిందో దాన్ని ఉంచుకుని, పేరు పక్కన "నిద్ర పోదు" అని రాసుకున్న పిల్లలకు సరిపోయేట్టు మిగతాది తానే అల్లింది. ఆ కథ యూట్యూబులో లేదు. నా పాట అడ్డుపడకపోతే ఆ ఆదివారం రెండు వందల మంది చెవుల్లో పడి ఉండేది.

నిన్న ఆ ల్యాబు అమ్మాయి ఫోన్ చేసింది.

"అంకుల్, సినిమా చూసిన్రా?"

"చూసిన."

"నాకు మస్తు కోపం వచ్చింది అంకుల్. గాడిద మాట్లాడదేంది? గట్ల నరుకుడేంది? ఆంటీ చెప్పింది గిది కానే కాదు."

"కాదు," అన్నాను.

"మా పాపకు అన్నం తినిపిచ్చుకుంట చెప్తున్న అంకుల్, రోజింత. ఆంటీ చెప్పినట్టే చెప్పుకుంట వచ్చిన. నిన్న గుమ్మం కాడ దిగింది గాడిద. తలుపు తెరిచే ఉందని చెప్పిన. ఇయ్యాల మళ్ళ అడుగుతది. లోపట ఏమున్నదో ఆంటీ మీకేమన్న చెప్పిందా?"

పెద్ద సెక్రటరీని. ఏ ప్రశ్నకైనా వాక్యం చూపించి నోరు మూయించిన మనిషిని. ఆ పిల్ల లైనులో ఓపికగా ఉంది.

"చంపొద్దు బిడ్డా," అన్నాను. "గంత వరకే నాకు తెలుసు. మిగిలింది నేను చెప్పనియ్యలె."